ఇంటి కుట్టుపనికీ చేతిపనులకూ కత్తెరలు, కట్టర్లు: ఎంపిక నుంచి సాన దాకా

కుట్టు మిషను కొనేటప్పుడు పదిమందిని అడుగుతాము, నాలుగు దుకాణాలు తిరుగుతాము. కత్తెర దగ్గరకు వచ్చేసరికి మాత్రం వంటింట్లో పాల ప్యాకెట్లు కోసేదాన్నే తెచ్చి గుడ్డ మీద పెడతాము. బ్లౌజు భుజాలు ఎగుడుదిగుడుగా రావడానికీ, రెండు చేతులు ఒకదానికొకటి సరిపోకపోవడానికీ చాలాసార్లు కత్తిరింపే కారణం. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో ఏళ్ల తరబడి బ్లౌజులు, పరికిణీలు, బొంతలు కుడుతూ, సంక్రాంతి వస్తే బొమ్మల కొలువుకు అట్టలతో మెట్లు కడుతూ నేను చేరిన నిర్ణయం ఒకటే. కోసే సాధనాలు ఇంట్లో ఐదారుకు మించి అక్కరలేదు గాని, ఒక్కోదానికి ఒక్కో పనే ఉండాలి, ఆ హద్దును ఇంట్లో ఎవరూ దాటకూడదు. ఈ మార్గదర్శి ఆ ఐదారు సాధనాల ఎంపిక, వాడకం, సంరక్షణ గురించి.

ముందుగా: కత్తెర ఎలా కోస్తుంది

కత్తి తన పదునుతో తానే దిగుతుంది. అడకత్తెరకు ఒకవైపే పదును ఉంటుంది, పోకచెక్కను రెండో వైపుకు అదిమి పగలగొడుతుంది. గుడ్డ కత్తెర ఈ రెండింటిలా పనిచేయదు. దాని రెండు బ్లేడ్లు ఒకదానినొకటి ఒరుసుకుంటూ పోతాయి, వాటి మధ్య చిక్కిన పోగు తెగుతుంది. మంచి కత్తెరను మూసి, పక్కనుంచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రెండు బ్లేడ్ల నడుమ విల్లు వంపులాంటి సన్నని సందు కనిపిస్తుంది, మొన దగ్గరకు వచ్చేసరికి అవి మళ్లీ కలుస్తాయి. ఇది లోపమనుకొని చాలామంది రెండు బ్లేడ్లను కలిపి పట్టే మరను గట్టిగా బిగించేస్తారు. నిజానికి ఆ వంపు ఉండబట్టే, కత్తెరను మూస్తున్న కొద్దీ బ్లేడ్లు తాకే చోటు మర దగ్గరనుంచి మొన దాకా జరుగుతూ పోతుంది, బలమంతా ఎప్పటికప్పుడు ఆ ఒక్క చోటే పడుతుంది.

మర వదులైతే బ్లేడ్లు ఎడమవుతాయి. అప్పుడు పలుచని గుడ్డ తెగకుండా మడతపడి వాటి మధ్య ఇరుక్కుంటుంది. దీనినే మనం కత్తెర నములుతోంది అంటాము. పదును చక్కగా ఉన్న కత్తెర కూడా మర వదులైతే నములుతుంది కనుక, సాన పట్టించాలని పరుగెత్తే ముందు మరను చూసుకోవాలి.

మొదటి మెట్టు: గుడ్డ కత్తెరను ఎంచుకోవడం

డబ్బు ఎక్కువగా పెట్టవలసింది దీనికొక్కదానికే. టైలరింగ్ కత్తెరకు పిడి పైకి వంగి ఉంటుంది. ఆ వంపు వల్ల కింది బ్లేడు బల్లకో నేలకో ఆనుకొని జారుతుంది, గుడ్డ పైకి లేవదు. మామూలు కాగితపు కత్తెరకు పిడి తిన్నగా ఉంటుంది కాబట్టి దానితో కోస్తే మన పిడికిలి గుడ్డను ఎత్తుతూనే ఉంటుంది, ఎత్తిన ప్రతిసారీ గీత పక్కకు పోతుంది. నాపరాళ్ల నేల మీద కూర్చొని కోసే అలవాటున్న మనకు ఈ వంగిన పిడి మరింత అవసరం.

కొలత విషయానికి వస్తే, చేయి చిన్నదైతే 8 అంగుళాలు, మామూలు చేతికి 9 అంగుళాలు ఇంటి పనికి సరిపోతాయి. దర్జీలు వాడే 10 అంగుళాలు, అంతకు మించిన కత్తెరలు పొడవాటి కోతలకు హాయిగా ఉంటాయి గాని, మెడ, చంక దగ్గరి వంపులలో కొత్తవారికి చేయి నొప్పి పెడుతుంది. పెద్ద రంధ్రంలో మూడు వేళ్లయినా పట్టాలి, బొటనవేలి రంధ్రం వేలిని ఒరుసుకోకూడదు.

మన దేశంలో కత్తెరలకు పేరుపడిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడివారు రైళ్లు, లారీలు, కార్ల పాత ఇనుప భాగాల నుంచి వచ్చే కార్బన్ ఉక్కుతో బ్లేడ్లు చేస్తారు. ఆ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిని మళ్లీ మళ్లీ సాన పట్టించుకోవచ్చు, మర విప్పి బాగుచేసుకోవచ్చు. అందుకే ఇంట్లో ఒకే ఒక్క మంచి కత్తెర కొనదలచినవారికి నేను అలాంటి దాన్నే చెబుతాను. కార్బన్ ఉక్కుకు తుప్పు భయం ఉంది, దానికి మందు చివరి మెట్టులో ఉంది. ఫిన్లాండుకు చెందిన ఫిస్కార్స్ సంస్థ 1967లో తెచ్చిన నారింజ రంగు ప్లాస్టిక్ పిడి తరహా కత్తెరలు బరువు తక్కువ, తుప్పు పట్టవు. కీళ్ల నొప్పులున్నవారికి అవి నయం.

దుకాణానికి ఖాళీ చేతులతో వెళ్లకూడదు. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ చుట్టుపక్కల గాని, గుంటూరు పట్నంబజారు వైపు గాని కొనడానికి వెళ్లేటప్పుడు, నాలుగు గుడ్డపీలికలను సంచిలో వేసుకొని వెళ్లండి. ఒకటి పలుచని మల్లు, ఒకటి లైనింగు, ఒకటి జార్జెట్టు, ఒకటి నాలుగు మడతలు పెట్టిన మందపాటి నూలుగుడ్డ. ముందుగా ఒక పిడిని పట్టుకొని, రెండో పిడిని పైకెత్తి వదలండి. బ్లేడు దభీమని పడిపోతే మర వదులు, ఉన్నచోటే నిలిచిపోతే మరీ బిగువు. కొంత దూరం సాఫీగా దిగి ఆగితే సరిగ్గా ఉన్నట్లు. తరువాత మల్లు పీలికను ఒక్క పొరగా పట్టుకొని మర నుంచి మొన దాకా నిండుగా కోయండి. చివరి సెంటీమీటరు దగ్గర మీ కళ్లు నిలపండి. అక్కడ ఒక్క పోగు తెగకుండా లాగినా ఆ కత్తెరను పక్కన పెట్టి మరొకటి అడగండి. మొదటిసారి అడిగినప్పుడు నాకు మొహమాటంగానే ఉండేది. గుడ్డపీలికలతో వచ్చిన మనిషికి పని తెలుసునని దుకాణదారుకు అర్థమవుతుంది, లోపలి పెట్టెలోంచి మంచి సరుకు బయటకు వస్తుంది.

ఎడమచేతి వాటం వారికి ఒక మాట. పిడి మాత్రమే మార్చి, ఎడమచేతివారికని అమ్మే కత్తెరలు చాలవు. నిజమైన ఎడమచేతి కత్తెరలో బ్లేడ్లే తారుమారుగా ఉంటాయి, ఎడమవైపు బ్లేడు పైకి వస్తుంది. అప్పుడే కోసే గీత వారి కంటికి కనిపిస్తుంది.

రెండవ మెట్టు: హద్దు గీయడం

కొత్త కత్తెర ఇంటికి రాగానే దాని పిడికి ఒక ఎర్రని గుడ్డపీలిక కట్టండి. ఎర్ర పీలిక ఉన్న కత్తెర గుడ్డను తప్ప దేనినీ ముట్టుకోదని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలియాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక వేసవిలో మా అక్క కూతురి పెళ్లికి మంగళగిరి నేతగుడ్డతో బ్లౌజు కోస్తున్నాను. ఆకుపచ్చ గుడ్డ, జరీ అంచు. ముందురోజు పిల్లలు అదే కత్తెరతో అట్టపెట్టెకు సెల్లోటేపు అంటించి కోశారని నాకు తెలియదు. కింది బ్లేడుకు లోపలివైపు కంటికి ఆనని జిగురుపొర పట్టింది. మొదటి చేతికి వంపు కోస్తుండగా గుడ్డ బ్లేడుకు అతుక్కొని ముందుకు ఈడ్చుకుపోయింది, నేను తెలుసుకొనేలోపే చేయి అర అంగుళం పొట్టి అయింది. అంచు అటువైపే ఉండడం వల్ల అతుకు వేయడానికి వీలు లేకపోయింది. అలాంటి గుడ్డ మళ్లీ దొరకలేదు. జిగురు అంటిందని అనుమానం వస్తే దూదికి రెండు చుక్కల కొబ్బరినూనె అద్ది రుద్దాలి, తరువాత పొడిగుడ్డతో జిడ్డు ఏమాత్రం లేకుండా తుడవాలి. ఆ పైన పనికిరాని పీలికలను నాలుగైదుసార్లు కోసి చూశాకే మంచి గుడ్డ మీదకు వెళ్లాలి.

జరీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అసలు జరీ అంటే పోగు చుట్టూ చుట్టిన సన్నని లోహపు తీగ. దానిని రోజూ కోస్తే ఎంత మంచి బ్లేడుకైనా గాట్లు పడతాయి. పట్టుచీరల అంచులు, మగ్గం వర్కు చేసిన గుడ్డలు కోయడానికి మన పాత గుడ్డ కత్తెరను సాన పట్టించి విడిగా ఉంచుకోవడం మంచి పద్ధతి. పూసలు, తీగలు వచ్చే చోట దానిని కూడా వాడకూడదు. సిల్కుదారపు గాజులు, కమ్మలు చేసేవారికి చిన్న వైరు కట్టరు వేరే ఉండాలి.

మూడవ మెట్టు: చిన్న సాధనాలు

మిషను పక్కన చిన్న దారం కట్టరు ఒకటి ఉంచండి. వేళ్లతో నొక్కితే కోసి, వదిలితే తెరుచుకొనే రకం చాలు. దానివల్ల పెద్ద కత్తెర మిషను దాకా రాదు. కుట్లు విప్పడానికి సీమ్ రిప్పరు కావాలి. దాని రెండు కొమ్ములలో పొడవైనదానిని కుట్టు కిందికి దూర్చి పోగును లేపాలి, కోసేది రెండింటి మధ్య లోతులో ఉన్న పదును. పొట్టి కొమ్ముకు ఉన్న గుండు, గుడ్డకు మొన గుచ్చుకోకుండా కాపాడుతుంది. దానితోనే కాజా తెరిచేటప్పుడు కాజా చివర అడ్డంగా ఒక గుండుసూది గుచ్చితే, చేయి జారినా కోత ఆ సూది దగ్గరే ఆగుతుంది. ఏడాదికొకసారి దానిని మార్చండి. మొద్దుబారిన రిప్పరును బలవంతంగా తోస్తాము, అప్పుడే గుడ్డ చిరుగుతుంది.

జిగ్‌జాగ్ కత్తెర గుడ్డ అంచును పళ్లలా కోస్తుంది. అలా ఐమూలగా తెగిన అంచునుంచి పోగులు తొందరగా ఊడవు. లైనింగు లోపలి అంచులకు, చేతిసంచులకు ఇది బాగుంటుంది, నిత్యం ఉతికే బట్టలకు మాత్రం ఓవర్‌లాక్, అంటే అంచును దారంతో చుట్టేసే మిషను కుట్టు, చేయించడమే మేలు. ఈ కత్తెరతో ఎన్నడూ కుట్టుగీత మీద కోయవద్దు. కుట్టు పూర్తయ్యాక మిగిలిన అంచును సవరించడానికే దీనిని వాడాలి.

నాలుగవ మెట్టు: గుడ్డను సిద్ధం చేసి కోయడం

నేతగుడ్డనూ, మామూలు నూలుగుడ్డనూ, నూలు లైనింగునూ కోసే ముందు నీళ్లలో తడిపి, నీడన ఆరవేసి, ఇస్త్రీ చేయాలి. కుట్టిన తరువాత కుదించుకుపోయే గుడ్డకు ఎంత మంచి కత్తెర ఉన్నా ఉపయోగం లేదు.

తరువాత గుడ్డను తిన్నగా చేసుకోవాలి. తానులోంచి కోసి ఇచ్చిన గుడ్డ అంచు నూటికి తొంభై సార్లు వంకరగానే ఉంటుంది. నేతగుడ్డకు నేను చేసే పద్ధతి ఇది. గుడ్డ పక్క అంచుకు చిన్న గాటు పెట్టి, అక్కడ ఒక పేక పోగును, అంటే అడ్డపోగును, సూదిమొనతో పైకెత్తి, రెండు వేళ్లతో నెమ్మదిగా లాగాలి. లాగుతున్న కొద్దీ గుడ్డ సన్నని కుచ్చులుగా ముడుచుకుంటుంది. ఆ కుచ్చులను రెండో చేతి వేళ్లతో అవతలి అంచువైపు జరుపుతూ పోవాలి. పోగు మధ్యలో తెగితే, తెగినచోట మళ్లీ పట్టుకోవాలి. పోగు పూర్తిగా వచ్చేశాక గుడ్డను కిటికీకి ఎదురుగా ఎత్తి చూస్తే, ఈ అంచునుంచి ఆ అంచుదాకా వెంట్రుకంత వెలుతురు గీత కనిపిస్తుంది. ఆ గీత వెంట కోస్తే పడుగూ పేకా నిలువునా అడ్డంగా సరిగ్గా నిలుస్తాయి. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, పెద్దదైతే దీనికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట తీసుకోకపోతే, బ్లౌజు మొదటి ఉతుకులోనే ఒక పక్కకు మెలి తిరుగుతుంది. క్రాస్ కటింగు బ్లౌజులో ముందు భాగాన్ని ఐమూలగా వేస్తాము కాబట్టి, పడుగు దారి తప్పితే ఆ తప్పు రెట్టింపై కనిపిస్తుంది.

సుద్దతో గీతలు సన్నగా గీయండి. సుద్ద మొద్దుబారితే గీతే పావు అంగుళం లావవుతుంది, గీతకు లోపల కోయాలో బయట కోయాలో మీకే తెలియకుండా పోతుంది. పక్క కుట్లలో రేపు వదులు చేసుకోవడానికి లోపల గుడ్డ వదలడం మనకు అలవాటు. అక్కడ కుట్టుగీతనూ, కోసే గీతనూ రెండు రంగుల సుద్దతో వేస్తే పొరపాటు జరగదు.

ఇక కోత. కింది బ్లేడును నేలకు ఆనించి, గుడ్డను మీ ఎడమచేతి అరచేతితో కోసే గీతకు దగ్గరగా అదిమి ఉంచండి. కత్తెరను నిండుగా తెరిచి పొడవాటి కోతలు కోయండి, కాని పూర్తిగా మూయవద్దు. మొన ఇంకా అర అంగుళం ఉండగానే ఆగి, బ్లేడును గుడ్డలోంచి తీయకుండా ముందుకు జరిపి మళ్లీ తెరవండి. ప్రతి కోతనూ మొన దాకా మూస్తే, మూసిన ప్రతి చోటా అంచుకు చిన్న పన్ను పడుతుంది. వంపు దగ్గర గుడ్డను తిప్పకుండా మీరే గుడ్డ చుట్టూ తిరగండి. గుర్తుగా పెట్టే గాట్లకూ, మెడ మడత తిప్పే ముందు వంపు పొడవునా వేసే గాట్లకూ మాత్రం మొన వాడాలి. గాటు కుట్టుకు రెండు మూడు పోగుల దూరంలోనే ఆగాలి.

జార్జెట్టు, షిఫాన్ కోసేటప్పుడు ముందుగా ఫ్యాను ఆపండి. కింద పాత నూలుచీర పరిచి దానిమీద గుడ్డ వేస్తే జారదు. కాగితం పరిస్తే కత్తెర దానినీ కోస్తుంది, పదును పోతుంది. గుడ్డ చివరల మీద తూకపురాళ్లు పెట్టండి, ఒక్క పొరగానే కోయండి. పాలియెస్టరు రిబ్బన్ల చివరలను ఐమూలగా కోసి, కొవ్వొత్తి మంట పక్కన క్షణం పాటు చూపిస్తే అంచు కరిగి గట్టిపడుతుంది. నూలు, పట్టు రిబ్బన్లకు ఇది చేయకూడదు, అవి కరగవు, కాలిపోతాయి.

ఐదవ మెట్టు: తిరిగే బ్లేడు కట్టరు

పిజ్జా కోసే చక్రంలా తిరిగే ఈ కట్టరును జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో మొదట తెచ్చింది. ముక్క విరిచి కొత్త పదును తెచ్చుకొనే కట్టరును 1956లో రూపొందించినదీ ఆ సంస్థ స్థాపకుడే. తిరిగే కట్టర్లు 18, 28, 45, 60 మిల్లీమీటర్ల బ్లేడ్లతో దొరుకుతాయి. ఇంటికి 45 సరైనది. బ్లౌజులు మాత్రమే కుట్టేవారికి ఇది అవసరం లేదు. పాత చీరల ముక్కలను చదరాలుగా కోసి బొంతలు కుట్టేవారికి మాత్రం ఇది వారం రోజుల పనిని ఒక మధ్యాహ్నంలో ముగిస్తుంది.

దీనికి తోడుగా గుడ్డ కింద పరిచే కటింగ్ మ్యాటు, మందపాటి అక్రిలిక్ స్కేలు తప్పనిసరి. పావు అంగుళం కుట్టు లెక్కన, కుట్టిన తరువాత 4 అంగుళాల చదరం మిగలాలంటే 4½ అంగుళాల ముక్క కోయాలి. స్కేలు మీద వేళ్లను విడదీసి అదిమి పెట్టండి, ఏ వేలూ అంచు దాటకూడదు. బ్లేడును స్కేలుకు ఆనించి, ఎప్పుడూ మీనుంచి అవతలికే తోయండి. ఒక్కో చుట్టుకు ఒకేచోట రెండు పోగులు తెగకుండా మిగులుతుంటే బ్లేడుకు గాటు పడినట్లు, మార్చవలసిందే. కోత ముగిసిన ప్రతిసారీ, ఫోను మోగినా సరే, ముందు బ్లేడు మూత వేసి తరువాతే లేవండి. ఈ చక్రానికి వేలు తగిలితే గాయం లోతుగా దిగుతుంది.

మ్యాటును బల్లపరుపుగానే ఉంచాలి. రోహిణి కార్తెలో మేడమీది గదిలో ఎండ పడే చోట గోడకు చేరవేసిన మ్యాటు సాయంత్రానికి పడవలా వంగిపోయింది. అది మళ్లీ తిన్నగా కాలేదు.

ఆరవ మెట్టు: అట్టలు, కాగితాలు, థర్మాకోల్

కాగితానికి చవకైన తిన్నని కత్తెర చాలు. వంపులు కోసేటప్పుడు కత్తెరను కదలనీయకుండా కాగితాన్ని తిప్పాలి, గుడ్డకు చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు.

కొలువు మెట్లకు వాడే మందపాటి అట్టను ముక్క విరిచే కట్టరుతో కోయాలి. ఒకే కోతలో తెంచాలని బలంగా నొక్కితే బ్లేడు వంగి విరుగుతుంది. ఇనుప స్కేలు వెంట నాలుగైదుసార్లు తేలికగా గీస్తూ పోతే అట్ట దానంతటదే విడిపోతుంది. ప్లాస్టిక్ స్కేలు వద్దు, బ్లేడు దాని అంచునే చెక్కేస్తుంది. మెట్టు మడత పడవలసిన చోట పై పొరను మాత్రమే గీసి వెనక్కి మడిస్తే అంచు చక్కగా నిలుస్తుంది. థర్మాకోల్‌కు కొత్త ముక్కతో పొడవుగా, ఆగకుండా లాగడమే మార్గం. వేడి తీగతో కోసేవారు కిటికీలు తెరిచి పెట్టుకోవాలి, ఆ పొగ పీల్చదగినది కాదు.

ఏడవ మెట్టు: నూనె, సాన, పారవేత

కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్లలో వానాకాలం గాలికే ఇనుము తుప్పు పడుతుంది. పని ముగిశాక బ్లేడ్ల మీది నూలుదుమ్మును పొడిగుడ్డతో తుడిచి, నెలకొకసారి మర దగ్గర ఒక చుక్క మిషను నూనె వేసి, నాలుగుసార్లు తెరిచి మూసి, మిగిలిన నూనెను తుడిచేయాలి. ఇక్కడ కొబ్బరినూనె వద్దు, అది కొన్నాళ్లకు జిడ్డుగా గట్టిపడి దుమ్మును పట్టుకుంటుంది. కత్తెరను మూసి, మందపాటి గుడ్డసంచిలో పెట్టి ఉంచండి. ఖాళీ కత్తెర ఆడిస్తే ఇంట్లో గొడవలు వస్తాయని మా అమ్మ కోప్పడేది. అలా ఆడిస్తే బ్లేడ్లు నడుమ గుడ్డ లేకుండా ఒరుసుకొని పదును అరిగిపోతుంది కాబట్టి, ఆ మాటను నేను మా పిల్లలకూ చెబుతున్నాను.

సైకిలు మీద సానరాయి పెట్టుకొని వీధుల్లో తిరిగేవారిలో మంచి పనివారు ఉన్నారు. అయినా కత్తెర ఇచ్చేముందు ఒక విషయం తప్పక చెప్పండి: బ్లేడుకు బయటివైపు ఉన్న ఏటవాలు అంచునే సాన పట్టాలి, లోపలి చదునైన ముఖాన్ని రాయికి తాకించకూడదు. ఈ సంగతి నాకు తెలియని రోజుల్లో ఒకరు రెండువైపులా మెరిసేలా అరగదీసి ఇచ్చారు. కత్తెర తళతళలాడింది, కాని లోపలి వంపు పోవడంతో ఆ తరువాత మొన దగ్గర గుడ్డ తెగనే లేదు. రాయి మీద ఎక్కువసేపు ఆనించి బ్లేడు నీలం రంగుకు తిరిగేలా వేడెక్కినా ఉక్కు గట్టిదనం పోతుంది, కాబట్టి మధ్యమధ్య నీళ్లలో ముంచమని అడగండి. ముందు పనికిరాని కత్తెర ఒకటి ఇచ్చి పని చూసుకోవడం మంచిది. జిగ్‌జాగ్ కత్తెరనూ, బ్లేడుకు సన్నని పళ్లున్న కత్తెరనూ మామూలు సానకు ఇవ్వనే వద్దు.

విరిచిన కట్టరు ముక్కలు, అరిగిన చక్రపు బ్లేడ్లు, వంగిన సూదులు ఎక్కడపడితే అక్కడ పారవేయరాదు. తడిచెత్తలో గాని పొడిచెత్తలో గాని అవి కలిస్తే, తెల్లవారుజామున సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలి అరచేతిలో దిగుతాయి. మూత గట్టిగా పట్టే పాత డబ్బా ఒకటి తీసుకొని, దాని మూతకు ముక్క దూరేంత చీలిక పెట్టి మిషను పక్కన ఉంచండి. నిండాక ఆ చీలికకు టేపు అంటించి, మీద బ్లేడ్లు అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్త తీసుకెళ్లే ఆమె చేతికి విడిగా ఇచ్చి, లోపల ఏముందో నోటితో కూడా చెప్పండి.